పాల బండి ఇంజనుకు ఆయిల్ కొళాయి: మేలెంత, కీడెంత?

(తుమ్మలపల్లెలో పాలసంఘం సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



పాలసంఘం సమావేశమంటే దాణా ధర, వెన్నశాతం, బోనసు, పశువుల టీకాలు, వీటిని గురించి మాట్లాడుకోవడం పరిపాటి. ఈ పూట మాత్రం మేము పికప్ బండి ఇంజను అడుగున ఉండే ఒక నట్టును గురించి మాట్లాడదలచాము. ఆ నట్టు తీసివేసి దాని స్థానంలో ఒక చిన్న ఇత్తడి కొళాయి బిగించుకొంటే ఇంజను ఆయిల్ మార్చడం సులువవుతుందని కొంతకాలంగా అంగళ్లలో అమ్ముతున్నారు. బిగించుకోవచ్చునా, కూడదా అన్నదే విషయం.

"ఇది మెకానిక్కుకు చెప్పవలసిన సంగతి గదా, ఎనుములు మేపుకొనే మాకెందుకు?" అని కొందరికి తోచవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఒక్కటే. బండి కాంట్రాక్టరుదే కావచ్చు, ఆ బండిలోని క్యాన్లలో ఉన్న పాలు మాత్రం మనవి. బండి దారిలో నిలిచిపోతే కాంట్రాక్టరుకు రిపేరు ఖర్చు, మనకు ఒక పూట పాలు నష్టం.

ఒక లెక్క చూడండి. 40 లీటర్ల క్యాన్లు 20 ఎక్కించిన బండిలో 800 లీటర్ల పాలు ఉంటాయి. ఇంటికి 5 లీటర్ల చొప్పున పోసేవారైతే అది 160 ఇళ్ల పాలు. పిండినప్పుడు పాలకు పశువు ఒంటి వేడి ఉంటుంది. త్వరగా 4 డిగ్రీలకు చల్లబరిస్తే నిలుస్తాయి. మే నెల ఎండలో ఆ క్యాన్లు దారి పక్కన రెండు మూడు గంటలు ఆగితే, కేంద్రంలో కాచి చూసే పరీక్షలో విరిగిపోతాయి. విరిగిన పాలకు వెన్నశాతం ఎంత ఉన్నా ప్రయోజనం లేదు. గనుక ఇంజను క్షేమం 160 ఇళ్ల క్షేమం.

ఆయిల్ ఎందుకు, నట్టు ఎందుకు

ఇంజను లోపల ఇనుము మీద ఇనుము నిమిషానికి వేల సార్లు తిరుగుతుంది. ఆ రెండింటి నడుమ ఆయిల్ పల్చని పొరగా నిలిచి అవి ఒరుసుకోకుండా కాపాడుతుంది. వేడిని తీసుకొని పోతుంది. మసిని, అరిగిన లోహపు పొడిని తనలో కలుపుకొంటుంది. అందుకే కొంత దూరం తిరిగాక ఆయిల్ నల్లబడుతుంది, పనితనం తగ్గుతుంది. అప్పుడు పాతది తీసి కొత్తది పోయాలి.

ఈ ఆయిల్ ఇంజను అడుగున ఒక తొట్టిలో ఉంటుంది. మెకానిక్కులు దానిని ఛాంబరు అంటారు. ఆ ఛాంబరు అడుగున ఒక నట్టు, దానికి ఒక వాషరు ఉంటాయి. పానాతో నట్టు విప్పితే పాత ఆయిల్ కారిపోతుంది. మళ్లీ బిగించి, పైనుండి కొత్త ఆయిల్ పోస్తారు. ఏళ్ల తరబడి జరుగుతున్న పద్ధతి ఇది.

ఈ పద్ధతిలో కష్టాలు లేకపోలేదు. బండి కిందికి దూరాలి. నట్టు చివరి మర వదలగానే వేడి ఆయిల్ చేతి మీద పడుతుంది. నట్టు జారి ఆయిల్ బొక్కెనలో పడుతుంది. వాషరు ప్రతిసారీ మార్చాలి, కాని చాలామంది మార్చరు. అన్నింటికంటే పెద్ద కష్టం మర దెబ్బతినడం. కొన్ని బండ్లకు ఛాంబరు అల్యూమినియంతో చేసి ఉంటుంది. అల్యూమినియం మెత్తని లోహం. బలమంతా పెట్టి బిగించేవారి చేతిలో ఆ మర అరిగిపోతుంది. ఒకసారి మర పోయిందంటే కొత్త మర కోయించాలి, లేదా ఛాంబరే మార్చాలి. గోటితో పోయేది గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

కొళాయి ఎట్లా పనిచేస్తుంది

ఈ కష్టాలకు విరుగుడుగా పుట్టినదే ఆయిల్ కొళాయి. జపాన్ దేశంలో ఫ్యుమోటో అనే సంస్థ 1976 నుండి ఇటువంటి కొళాయిలు చేస్తున్నది. అమెరికాలో పికప్ బండ్ల వాడకం ఎక్కువ. సొంతదారులే ఇంటి ముందర ఆయిల్ మార్చుకొనే అలవాటు అక్కడ ఎక్కువ గనుక, ఆ దేశంలో వీటికి మంచి గిరాకీ ఏర్పడింది.

దీని నిర్మాణం సులభం. ఇత్తడి బొడిపె లోపల రంధ్రమున్న ఒక గుండు ఉంటుంది. బయట చిన్న పిడి ఉంటుంది. పిడిని పావు వంతు తిప్పితే గుండులోని రంధ్రం దారికి ఎదురుగా వచ్చి ఆయిల్ కారుతుంది. వెనక్కు తిప్పితే మూసుకొంటుంది. మన బోరు పైపుల దగ్గర ఉండే బాల్ వాల్వు తెలుసు గదా, దానికి తమ్ముడనుకోండి. మంచి రకాలలో పిడి ఒక గాడిలో కూర్చొని ఉంటుంది. దానిని గాడి నుండి తప్పిస్తే గాని తిరగదు. ఇంకో రకం ఉన్నది. దానికి పిడి ఉండదు, మూత ఉంటుంది. మూత తీసి, దానితో ఇచ్చిన గొట్టాన్ని బిగిస్తే లోపలి స్ప్రింగు వెనక్కు జరిగి ఆయిల్ వస్తుంది. గొట్టం తీసివేస్తే తనంతట తానే మూసుకొంటుంది.

కొళాయి వల్ల మేలు

మంచి మాటలు ముందు చెప్పుకొందాం.

మొదటిది, పానా అక్కరలేదు, నట్టు విప్పనక్కరలేదు. కొళాయిని ఒకసారి బిగిస్తే ఛాంబరు మర మళ్లీ కదలదు. అల్యూమినియం ఛాంబరు ఉన్న బండికి ఇది నిజంగా మేలే.

రెండవది, శుభ్రత. కొళాయి మూతికి గొట్టం తగిలించి దాని కొసను నేరుగా డబ్బాలో పెట్టవచ్చు. ఆయిల్ నేల మీద పడదు. పాల బండి విషయంలో ఇది చిన్న సంగతి కాదు. పాలకు చుట్టుపక్కల వాసనను పట్టుకొనే గుణమున్నది. కిరోసిన్, డీజిలు, మడ్డి ఆయిల్ వాసన తగిలిన చేతులతో క్యాను మూత పట్టుకొంటే ఏమవుతుందో ఇక్కడి అక్కచెల్లెళ్లకు మేము చెప్పనక్కరలేదు.

మూడవది, చేతులు కాలవు. వేడిగా ఉన్నప్పుడే ఆయిల్ బాగా కారుతుంది, మసిని కూడా తీసుకొనిపోతుంది. నట్టు విప్పేవారు చేయి కాలుతుందని బండి చల్లారేదాకా ఆగుతారు. కొళాయి ఉంటే ఆ భయం తక్కువ.

నాల్గవది, ఊరిలోనే పని జరుగుతుంది. షెడ్డు పులివెందులలోనో, కడపలోనో ఉంటే ఆయిల్ మార్చడానికి ఒక పూట పోతుంది. అందుకే "ఈ వారం కాదు, వచ్చే వారం" అని వాయిదా వేస్తారు. పని సులువైతే వాయిదాలు తగ్గుతాయి. కొళాయికి ఉన్న మేళ్లలో మా దృష్టికి ఇదే పెద్దది.

ఐదవది, ఎప్పుడైనా ఒక చిన్న సీసాడు ఆయిల్ తీసి చూడవచ్చు. అందులో నీరు కలిసినా, లోహపు మెరుగులు కనిపించినా ముందే తెలుస్తుంది.

కొళాయి వల్ల కీడు

ఇప్పుడు రెండవ వైపు చూద్దాం.

మొదటిది, కొళాయి కిందికి పొడుచుకొని ఉంటుంది. నట్టు ఛాంబరుకు అంటుకొని ఉంటుంది. కొళాయి దానికంటే కిందికి దిగి ఉంటుంది, గొట్టపు మూతి ఉన్న రకమైతే ఇంకా కిందికి వస్తుంది. అమెరికా తారు రోడ్డు మీద ఇది లెక్కలోనిది కాదు. మన దారులు వేరు. తుమ్మలపల్లె నుండి చీనీతోటల నడుమ, వంకల వెంబడి పోయే బాటలలో బండి అడుగును రాళ్లు గీరని రోజు ఉండదు. ఈ సీమ రాయి ఎంత గట్టిదంటే, భూగర్భశాస్త్రజ్ఞులు ఇక్కడి ఒక గట్టి రాతి పొరకు పులివెందుల పేరే పెట్టారు. అటువంటి రాయి ఒకటి కొళాయికి తగిలి, అది మెడ దగ్గర విరిగితే ఆయిల్ అంతా ఒక్కసారిగా కారిపోతుంది. కంది కట్టె, తెగిన తీగ, క్యాన్లు కట్టే తాడు కొస, ఇవి పిడికి చుట్టుకొని లాగినా ప్రమాదమే.

రెండవది, ఎవరైనా తిప్పగలరు. నట్టు విప్పాలంటే పానా కావాలి, బలం కావాలి. కొళాయికి రెండు వేళ్లు చాలు. రాత్రి వీధిలో నిలిపిన బండి కిందికి పిల్లలు దూరవచ్చు. కిట్టనివాడు దూరవచ్చు. తెల్లవారుజామున చీకటిలో డ్రైవరు చూసుకోకుండా బయలుదేరితే ఇంజను ఊరి పొలిమేర దాటకముందే పట్టేసుకొంటుంది.

మూడవది, రంధ్రం చిన్నది. నట్టు విప్పితే తెరుచుకొనే రంధ్రంకంటే కొళాయి లోపలి దారి సన్నగా ఉంటుంది. గనుక ఆయిల్ నిదానంగా కారుతుంది. తొందరపడి మధ్యలో మూసివేస్తే పాత ఆయిల్ లోపలే ఉండిపోతుంది.

నాల్గవది, అడుగు మడ్డి మిగలవచ్చు. కొళాయి మర ఛాంబరు మందంకంటే పొడుగైతే దాని కొస లోపలికి చొచ్చుకొని ఉంటుంది. చెరువు తూము నేలకంటే ఎత్తులో ఉంటే అడుగు నీరు పోనట్లే, ఛాంబరు అడుగున ఉండే చిక్కని మడ్డి పోదు. అసలు పోవలసినది ఆ మడ్డే.

ఐదవది, కొన్ని బండ్ల నట్టుకు అయస్కాంతం ఉంటుంది. అరిగిన ఇనుప పొడి దానికి అంటుకొంటుంది. మంచి మెకానిక్కు దానిని చూసి ఇంజను లోపలి ఆరోగ్యం చెప్పగలడు. కొళాయి పెడితే ఆ సౌకర్యం పోతుంది.

ఆరవది, లోపలి రబ్బరు రింగులకు వయసుంటుంది. వేడికి, మసికి అవి గట్టిపడి చెమ్మ కారడం మొదలవుతుంది. పైగా అంగట్లో పేరు లేని నకిలీ సరుకు దొరుకుతుంది. చూడటానికి ఇత్తడి మాదిరిగానే ఉంటుంది, మర మాత్రం సరిగా ఉండదు.

ఏడవది, వారంటీ. కొత్త బండికి కంపెనీది కాని సామాను బిగించి, ఆ సామాను వల్లనే ఇంజను చెడితే కంపెనీ వారు వారంటీ కింద బాగుచేయమని అనవచ్చు. అడగవలసినది ముందుగా, అదీ కాగితం మీద. చేతులు కాలినాక ఆకులు పట్టుకొని లాభం లేదు.

తూచి చూద్దాం

ఇక రెండింటినీ తక్కెడలో పెడదాం. ఒక పాల బండి పూటకు 70 కిలోమీటర్ల చొప్పున రెండు పూటలా రోజుకు 140 కిలోమీటర్లు తిరుగుతుందనుకొందాం. ఆ బండి పుస్తకంలో 10,000 కిలోమీటర్లకు ఆయిల్ మార్చమని ఉన్నదనుకొందాం. అంటే సుమారు 70 రోజులకు ఒకసారి, ఏడాదికి 5 సార్లు. కొళాయి వల్ల ప్రతిసారీ 15 నిమిషాలు కలిసి వచ్చిందనుకొన్నా, ఏడాది మొత్తానికి గంటంబావు. కలిసి వచ్చేది గంటంబావు సమయం, శుభ్రత, మర క్షేమం. పణంగా పెట్టేది రాళ్ల బాటలో రోజూ రెండుసార్లు 800 లీటర్ల పాలు.

అందుకని మా అభిప్రాయం ఇది. ఆయిల్ ఎంత సులువుగా బయటికి వస్తుంది అన్నది రెండవ ప్రశ్న. ఆయిల్ ఎంత భద్రంగా లోపల ఉంటుంది అన్నది మొదటి ప్రశ్న. మొదటి ప్రశ్నకు సరైన జవాబు ఉన్నచోట కొళాయి పెట్టుకోవచ్చు. లేనిచోట నట్టే మేలు.

ఆ జవాబు దొరికే చోటు మన సంఘాలలోనే ఒకటున్నది. పాల శీతలీకరణ కేంద్రంలోని జనరేటరు. అది కదలదు. దానికి రాయి తగలదు. గది తలుపుకు తాళం ఉంటుంది. అడుగు నేలకు దగ్గరగా ఉండటం వల్ల నట్టు విప్పి కింద బొక్కెన పెట్టడమే అక్కడ కష్టం. పైగా పాలు ఉన్న ఆవరణలో ఆయిల్ ఒలకరాదు. కొళాయి, దానికొక పొడుగు గొట్టం ఉంటే ఆయిల్ నేరుగా బయట పెట్టిన డబ్బాలోకి పోతుంది. పెద్ద జనరేటర్లకు చాలావాటికి కంపెనీవారే ఇటువంటి ఏర్పాటు చేసి ఇస్తారు. లేనివాటికి బిగించుకోవచ్చును. కాబట్టి కొళాయి మీద మనసుంటే జనరేటరుతో మొదలుపెట్టండి, పికప్పుతో వద్దు.

పికప్పుకు పెట్టే తీరాలనుకొంటే

కొన్ని బండ్లకు ఛాంబరు నట్టు అడుగున కాక పక్కన ఉంటుంది. కొన్నింటికి ముందు ఇరుసో, అడ్డ కమ్మీనో ఛాంబరుకంటే కిందికి ఉండి కాపు కాస్తుంది. తారు రోడ్డు మీదనే తిరిగే బండ్లు కూడా ఉన్నవి. అటువంటి వాటికి పెట్టుకోదలిస్తే ఈ నియమాలు పాటించవలెను.

1. బండిని మట్టంగా ఉన్న చోట నిలిపి, చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టి, కింద చూడవలెను. కొళాయి బిగించాక అది చుట్టూ ఉన్న కమ్మీలకంటే కిందికి దిగుతుందంటే ఆ ఆలోచన మానుకోవలెను.

2. మర కొలత అచ్చంగా సరిపోవలెను. మర మందం ఒకటే అయినా మర సందులు వేరుగా ఉండవచ్చు. పాత నట్టును వెంట తీసుకొనిపోయి పోల్చి చూడవలెను. చేతితో సాఫీగా తిరగని దానిని పానాతో బలవంతంగా ఎక్కించరాదు.

3. గాడి ఉన్న పిడి, దాని మీద అడ్డు క్లిప్పు, లేదా స్ప్రింగు, మూత ఉన్న రకమే కొనవలెను. పిడి వదులుగా ఊగే రకం పాల బండికి పనికిరాదు.

4. గొట్టపు మూతి పొట్టిగా ఉన్నదే తీసుకోవలెను. ఇంజను కింద కాపు రేకు ఉంటే దానిని తీసివేయరాదు.

5. కొళాయి కొస లోపలికి పొడుచుకొని రాకుండా తగిన వాషరుతో బిగించవలెను. బిగించిన తరువాత ఇంజను పది నిమిషాలు ఆడించి, ఆపి, పొడి గుడ్డతో తుడిచి చెమ్మ ఉన్నదేమో చూడవలెను.

6. పాత నట్టును పారవేయక కొత్త వాషరుతో సహా బండిలోనే ఉంచవలెను. కొళాయికి ఏమైనా అయితే అదే దిక్కు.

నట్టుతోనే ఉండేవారికి

నట్టుతో ఉండటం వెనుకబాటు కాదు. నట్టుకు చెడ్డ పేరు తెచ్చినవి మూడు: పాత వాషరు, సరిపోని పానా, అతి బిగింపు. ప్రతిసారీ కొత్త వాషరు వేయండి. దాని ధర స్వల్పం. అంచులు అరిగిన పానా, కటింగ్ ప్లయరు వాడితే నట్టు మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. మొదటి నాలుగు చుట్లు వేళ్లతోనే తిప్పి, తరువాత పానాతో తగుమాత్రం బిగించండి. పానా మీద కాలు వేసి తొక్కడం ఇంజనుకు బలం కాదు, మరకు చేటు.

కొళాయి ఉన్నా, నట్టు ఉన్నా డ్రైవరు సోదరులు తప్పక చేయవలసినవి రెండున్నవి. ప్రొద్దున బయలుదేరే ముందు మట్టపు నేల మీద ఆయిల్ పుల్ల తీసి, తుడిచి, మళ్లీ ముంచి చూడండి. రెండు గుర్తుల నడుమ ఆయిల్ ఉండాలి. అదే సమయంలో బండి నిలిచిన చోట నేల మీద ఆయిల్ చుక్కలున్నవేమో చూడండి. ఈ రెండింటికీ కలిపి రెండు నిమిషాలు చాలు. ఇక దారిలో ఎదుటనున్న ఆయిల్ దీపం వెలిగిందా, బండి పక్కకు తీసి వెంటనే ఇంజను ఆపండి. "కేంద్రం ఇంకొక్క కిలోమీటరే గదా" అని పోకండి. ఆయిల్ లేని ఇంజనుకు ఆ కిలోమీటరే ఆఖరి కిలోమీటరు కావచ్చు. ఆపి, సంఘానికి ఫోను చేస్తే ఇంకొక బండి పంపవచ్చు, పాలు దక్కుతాయి, ఇంజనూ దక్కుతుంది.

2020 ఏప్రిల్ నుండి వచ్చిన బి.ఎస్. 6 డీజిలు బండ్లు గలవారికి ఒక మాట. వీటి పొగగొట్టంలో మసిని పట్టి కాల్చే జల్లెడ ఉంటుంది. దానికి సరిపోయే రకం ఆయిల్ నే పోయాలి. ఏ రకమో బండి పుస్తకంలో రాసి ఉంటుంది. డబ్బా మీది బొమ్మ చూసి కొనకండి, పుస్తకంలోని రకం చూసి కొనండి. ఆ రకం కాని ఆయిల్ పోస్తే జల్లెడ త్వరగా పూడుకొంటుంది.

తీసిన ఆయిల్ ఏం చేయాలి

కొళాయి తిప్పినా, నట్టు విప్పినా చివరకు చేతిలో ఒక డబ్బా నల్లని ఆయిల్ మిగులుతుంది. దీనిని గురించి పశుపోషకులతో మాట్లాడకుండా మేము ముగించలేము.

మన పల్లెలలో గజ్జికి, పిడుదులకు, పుండ్లకు ఎనుముల ఒంటికి మడ్డి ఆయిల్ పూసే అలవాటు పాతది. దయచేసి మానండి. అందులో మసి, బేరింగుల లోహపు పొడి, ఇంధనం కాలినప్పుడు పుట్టిన విషపదార్థాలు ఉంటాయి. పశువు తన ఒళ్లు తాను నాకుతుంది. దూడ తల్లి పొదుగు నాకుతుంది. పాత ఆయిల్ నాకి, తాగి పశువులు సీసపు విషం పాలైన సంగతి పశువైద్యులకు బాగా తెలిసినదే. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000వ సంవత్సరంతో ఆగిపోయింది గాని, మిగిలిన విషాలు అట్లాగే ఉన్నవి. నోటిలోకి పోయినది పాలలోకి రాదని ఎవరు హామీ ఇస్తారు? పిడుదులకు మందు పశువైద్యశాలలో దొరుకుతుంది. అక్కడికే పోండి.

అట్లాగే దానిని వంకలో, గుంతలో, కంచె మొదట్లో పోయకండి. నేల మీద పోసిన ఆయిల్ వానకు బావిలోకి దిగుతుంది. గని వ్యర్థాల చెరువు దగ్గరి పల్లెలవారు నేలనీటిని గురించి ఎంత ఆందోళన పడ్డారో తుమ్మలపల్లె చుట్టుపక్కల అందరికీ తెలుసు. పెద్ద సంస్థలను నిలదీసే మనం మన డబ్బా సంగతి కూడా చూసుకోవాలి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన ఆయిల్ అనుమతి పొందిన రీసైక్లింగ్ వారికే చేరాలి. ఆయిల్ తయారుచేసే కంపెనీల మీద కూడా 2024 ఏప్రిల్ నుండి ఈ బాధ్యత పెట్టారు. మనం చేయవలసినది సులువే. మూత ఉన్న డబ్బాలో పోసి, నీళ్లు, డీజిలు కలపకుండా ఉంచి, ఆయిల్ మార్చే షెడ్డులోనో, సర్వీసు కేంద్రంలోనో ఇవ్వాలి. ఆ డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ఖాళీ అయినా దానిని పాలకు, దాణాకు, నీళ్లకు వాడకండి.

సంఘం చేయగల పని

"బండి మాది కాదు, మేము చెబితే కాంట్రాక్టరు వింటాడా?" అని అడిగే పెద్దలున్నారు. ఒడంబడిక రాసుకొనే రోజున వింటాడు. అందుకని ఆ కాగితంలోనే కొన్ని మాటలు చేర్చమని మా సలహా.

ఆయిల్ మార్చిన తేదీ, కిలోమీటర్లు, పోసిన ఆయిల్ రకం ఒక చిన్న పుస్తకంలో రాసి బండిలో ఉంచాలి. కార్యదర్శి నెలకొకసారి దానిని చూసి సంతకం చేయాలి. పాలకేంద్రం వాకిట్లో, క్యాన్లు దించే గట్టు దగ్గర ఆయిల్ మార్చరాదు. ఛాంబరుకు కొళాయి బిగించదలిస్తే ముందుగా సంఘానికి చెప్పి, పైన చెప్పిన నియమాల ప్రకారం చూపించాలి. బండి నిలిచిపోతే ఎంతసేపటిలో వేరే బండి పంపాలో, ఆలస్యంతో పాలు చెడితే నష్టం ఎవరిదో ముందే స్పష్టంగా ఉండాలి.

ఈ షరతులు కాంట్రాక్టరు మీద కక్షతో పెట్టేవి కావు. అతని ఇంజను కూడా వీటి వల్లనే పదికాలాలు ఉంటుంది. డ్రైవరును కూడా ఒక కూలీగా చూడకండి. తెల్లవారుజామున మనం పొదుగు కడిగే వేళకు అతడు ఆయిల్ పుల్ల చూస్తున్నాడంటే, అతడు చూస్తున్నది మన పాలనే. ఆ రెండు నిమిషాలు అతనికి ఇవ్వండి. "ఆలస్యమైంది, పద పద" అని తొందర పెట్టకండి.

కొన్ని సందేహాలు

తరచుగా వినిపించే ప్రశ్నలు మూడింటికి క్లుప్తంగా జవాబు చెబుతాము.

ఇప్పటికే కొళాయి బిగించి ఉన్నది, తీసివేయాలా? కంగారు అక్కరలేదు. బండి కింద చూడండి. కమ్మీలకంటే పైన ఉండి, క్లిప్పు ఉండి, చెమ్మ లేకుంటే ఉండనివ్వవచ్చు. కిందికి వేలాడుతున్నా, పిడి వదులుగా ఉన్నా, ఈసారి ఆయిల్ మార్చేటప్పుడు నట్టు వేయించండి.

కొళాయికి తీగ చుట్టి కడితే చాలదా? తీగ తుప్పు పడుతుంది, తెగుతుంది, దాని కొసకే ముల్లుకంప చుట్టుకొంటుంది. తయారుచేసినవారు ఇచ్చే క్లిప్పుకు అది సాటి రాదు.

ఆయిల్ పుల్ల ఉండే గొట్టం గుండా పంపుతో పైనుండే లాగవచ్చునంటారు, నిజమేనా? నిజమే. నట్టు జోలికి పోనక్కరలేదు. అయితే ఛాంబరు అడుగున కొంత మిగులుతుంది. గనుక అప్పుడప్పుడైనా నట్టు విప్పి పూర్తిగా దించాలి.

సభ్య మహాశయులారా, 1970 నుండి 1996 వరకు నడిచిన ఆపరేషన్ ఫ్లడ్ కాలంలో పల్లె పాలు పట్నం చేరడానికి పశువులు, సంఘాలు, డెయిరీలు ఎంత ముఖ్యమో, నడుమ తిరిగే బండ్లు అంత ముఖ్యమయ్యాయి. ఈనాడూ అంతే. కొత్త సామాను వచ్చిందంటే దానిని కాదనడం మా ఉద్దేశం కాదు, అవుననడమూ కాదు. మన దారిలో, మన బండికి, మన పాలకు అది సరిపోతుందా అని అడగండి. జనరేటరుకు కొళాయి పెట్టండి. రాళ్ల బాటలో తిరిగే పికప్పుకు మంచి నట్టు, కొత్త వాషరు వేయించండి. పాత ఆయిల్ ను పశువుకు, నేలకు దూరంగా ఉంచండి. వచ్చే నెల పాలకవర్గ సమావేశంలో ఆయిల్ పుస్తకం సంగతి చర్చకు పెట్టి, తీర్మానం చేయమని కోరుతున్నాము.